పెంటదిబ్బకు తర్జుమా

తర్జుమా సారు పోయారు. మొన్న శుక్రవారం పొద్దున్నే ఆయన పెద్దకొడుకు సైకిలు మీద మా పేటకు వచ్చి, "నాయన ఇంక లేడు అయివారూ" అన్నాడు. నేను బడికి బయలుదేరుతున్నాను. ఆ పూట పిల్లలకు సెలవిచ్చేశాను. కారణం ఏమని రాయాలో తోచక హాజరు పట్టీలో ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఆయన మా చుట్టం కాదు, మా మతంవారూ కాదు. మునసబు కోర్టులో తెలుగు కాగితాలను ఇంగ్లీషులోకి మార్చి రాసే ఉద్యోగి. కోర్టులో ట్రాన్స్‌లేటరు గారు అనేవారు, మా పేటలో తర్జుమా సారు. పేపర్లో ఫోటో పడేంత పని ఆయన ఏమీ చేయలేదు. తాను చేసిన తప్పును తప్పని కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చారు, అంతే. అలా రాసిచ్చిన ఉద్యోగిని నేను ఇంకొకరిని చూడలేదు. రాసివ్వని మనిషిని మాత్రం ఒకణ్ణి బాగా ఎరుగుదును. వాడి సంగతి కూడా చెప్పకపోతే ఈ నాలుగు మాటలూ రాయడం దండగ.

మాది నూలుకు రంగులు వేసే సాయిబుల పేట. ఊరికి తూర్పున, సముద్రం వైపు, ఇసుక నేల. పేటకు రెండు బావులు, ఒకటి తాగడానికి, ఒకటి రంగుపనికి. శ్రీహరికోట నుంచి పడవల్లో వచ్చే కట్టెలతో బానలు కాచేవాళ్ళు మావాళ్ళు. నేనొక్కణ్ణే ఆ పని వదిలి, ట్రైనింగయి అయివారినయ్యాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండేళ్ళకు కాబోలు, మునిసిపాలిటీవారు ఊరి చెత్తంతా తెచ్చి మా పేట పక్క పల్లంలో పోయించడం మొదలుపెట్టారు. ఇళ్ళ చెత్త ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాళ్ళం. కబేళా నుంచి పేగులు, ఆసుపత్రి నుంచి చీము కట్లు, తోళ్ళు ఊని పదును చేసేవాళ్ళు పారబోసే మురుగు, చచ్చిన కుక్కలు, అన్నీ అక్కడికే. ముందుగా పసిగట్టింది మా మామగారు. ఎర్రగా రావలసిన నూలు ఇటుకరాయి రంగులో తేలింది. ఆయన చేద దించి, ఒక పుక్కిలి నోట పోసుకుని ఉమ్మేసి, "రంగుది తప్పు కాదురా, నీళ్ళే చెడిపోయినాయి" అన్నాడు.

అర్జీ రాసింది నేను. పేటలో నాలుగు ముక్కలు కుదురుగా రాయగలవాణ్ణి నేనే కదా, ఆ గర్వం కూడా ఉండేది. మా ఇంటి వాకిట్లో అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. "మా పేట పక్కన మునిసిపాలిటీవారు పెంటదిబ్బ వేయించినందున" అని మొదలవుతుంది. పేటలో అందరం దాన్ని పెంటదిబ్బనే అంటాం. సెంటు భూమి లేనివాళ్ళం, మాకు పెంట అంటే ముక్కు మూసుకోవలసినదని తప్ప ఇంకో అర్థం లేదు.

అర్జీకి జవాబు రాలేదు. పేట పెద్దలు ప్లీడరును పెట్టుకుని దావా వేశారు. వానలు దిగకముందే చెత్తబండ్లను ఆపించే ఉత్తర్వు ఒకటి కావాలని అడిగారు. నా అర్జీ కోర్టులో దాఖలైంది. దాన్ని ఇంగ్లీషు చేసి పెట్టారు తర్జుమా సారు. విచారణ నాడు మునిసిపాలిటీ తరఫు ప్లీడరు లేచి ఆ ఇంగ్లీషు కాగితం పైకెత్తి పట్టుకుని, చిరునవ్వుతో చదివాడు. పెంటదిబ్బ అన్నచోట "మాన్యూర్ హీప్" అని ఉంది. అంటే ఎరువు కుప్ప. వాదులే దీన్ని ఎరువు కుప్ప అంటున్నారు, ఎరువు తయారు చేయమని సర్కారే చెబుతోంది, ఎరువు వల్ల చేటు అని కోర్టుకు వచ్చినవారిని నేను ఇప్పుడే చూస్తున్నాను అన్నాడు. కోర్టులో నవ్వారు. ఉత్తర్వు రాలేదు.

మెట్లు దిగుతుండగా మా ప్లీడరు కోపంగా అడిగాడు. "ఆ అర్జీ ఎవరయ్యా రాసింది?"

"పేటలో పెద్దలు ఎవరి చేతనో రాయించినారు సార్" అన్నాను. ఇంటికి వెళ్ళి మా ఇంటామెతో, "తర్జుమా చేసేవాడు మన గొంతు కోసినాడు" అన్నాను. పేటంతా అదే మాట చెప్పాను. అందరూ ఆయన్ని తిట్టారు. నేను ఇంకొంచెం గట్టిగా తిట్టాను.

ఆ కార్తీకంలో వాన వారం రోజులు తెరిపి ఇవ్వలేదు. పల్లం నిండి, నల్లటి నీళ్ళు ఇసుకలో ఇంకి బావుల్లోకి దిగాయి. కాచుకుని తాగమని నేను ఇంటింటికీ తిరిగి చెప్పాను. తడిసిన కట్టెలతో ఎవరు ఎంత కాచగలరు? పేటలో వాంతులు, భేదులు పట్టుకున్నాయి. పెద్దవాళ్ళు తేరుకున్నారు. మా చిన్నది తేరుకోలేదు. దానికి మూడేళ్ళు. ఇంతకన్నా రాయలేను.

ఆ సంగతి ప్రమాణపత్రంగా రాసి మళ్ళీ కోర్టుకు ఇవ్వమన్నాడు ప్లీడరు. రాశాను. అందులోనూ "పెంటదిబ్బ నీళ్ళు బావిలో దిగి" అనే రాశాను. చేతికి అలవాటైన మాట. అదీ తర్జుమా సారు బల్ల మీదకే వెళ్ళింది.

తరువాతి ఆదివారం ఆయన మా పేటకు వచ్చారు. ఎండలో నల్లకోటు, చంకలో గొడుగు, గొడుగు కన్నా సన్నగా మనిషి. రావడం రావడమే మా మామగారి దగ్గర నిలబడి, "పెద్దాయనా, పెంటదిబ్బ అంటే మీ దగ్గర ఏందయ్యా అర్థం?" అని అడిగారు.

"చూస్తా ఉండావు గదా సామీ, అదే."

ఆయన పంచె ఎగ్గట్టి దిబ్బ మీదకు ఎక్కారు. వద్దన్నా వినలేదు. ఒంగి చేత్తో తీసి, వాసన చూశారు. వెంకటగిరి వైపు రైతు ఇంటి బిడ్డ ఆయన. దిగివచ్చి, ఎవరి మొహమూ చూడకుండా అన్నారు. "మా ఊళ్ళో పెంటదిబ్బ అంటే పేడ, గడ్డి, బూడిద. ఇంటికి అది సిరి. చేలో తోలితే మొలగొలుకుల వడ్లు పండతాయి. దాని మీద పిల్లోళ్ళు ఆడుకుంటారయ్యా. నేను మా ఇంటి దిబ్బను తలుచుకుని రాసేసినా. మీ దిబ్బను చూడలా."

చేతులు కడుక్కోమని నీళ్ళు ఇవ్వబోతే, "ఆ బావివేనా?" అన్నారు. అవునన్నాం. చేతులు కడుక్కుని, దోసిలి పట్టి అవే నీళ్ళు తాగారు. మా మామగారు చెంబు వెనక్కి లాక్కునేలోపే తాగేశారు.

మర్నాడు మునసబు గారికి మెమో రాసిచ్చారు. ఫలానా దాఖలాలో ఫలానా మాటకు నేను చేసిన తర్జుమా తప్పు, స్థలం చూడకుండా, అడగకుండా రాసినది నా పొరపాటు, అని. కోర్టులో అందరూ వద్దన్నారట. అర్జీలోనే మాట సందిగ్ధంగా ఉందని రాస్తే సరిపోతుంది, రాసినవాడి మీదికి పోతుంది అన్నారట. ఆయన ఒప్పుకోలేదు. ఇది నాకు చాలా ఏళ్ళ తరువాత కోర్టు అమీను చెప్పాడు. ఆ మెమో ఆయన సర్వీసు కాగితాల్లో చేరింది. శిరస్తాదారు పని ఆయన కన్నా చిన్నవారికి పోయింది. ట్రాన్స్‌లేటరుగానే రిటైరయ్యారు.

ఆ మెమో చూసి మునసబు గారు స్వయంగా వచ్చి దిబ్బ చూశారు. రుమాలు ముక్కు దగ్గర నుంచి తీయలేదు. బండ్లు ఆగాలని, ఉన్న దిబ్బను బావులకు దూరంగా తరలించాలని ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు వచ్చినంత సులువుగా దిబ్బ కదలదు. స్థలం లేదు, ఎడ్లు లేవు, కౌన్సిలు కూర్చోలేదు అంటూ మునిసిపాలిటీవారు గడువు మీద గడువు అడిగారు. అడిగిన ప్రతిసారీ మునసబు గారు ఒక ప్లీడరును కమీషనరుగా పంపి, ఏ మేరకు తీశారో చూసి రాయించేవారు. ఆ మునసబు గారు బదిలీ అయితే తరువాత వచ్చినవారూ అదే పద్ధతి పాటించారు. నాలుగేళ్ళు పైన పట్టింది. కమీషనర్లు మారారు గానీ, మా పేటవాళ్ళ మాటలు రాసుకోవడానికి వెంట వచ్చింది ఎప్పుడూ తర్జుమా సారే. తనను పంపమని ఆయనే అడిగి వచ్చేవారట.

ఆయన పద్ధతి చూసి కుర్ర కమీషనర్లు విసుక్కునేవారు. ముందు పెన్సిలుతో రాసేవారు. రాసింది మళ్ళీ తెలుగులో చెప్పి, "నువ్వన్నది ఇదేనామ్మా?" అని అడిగేవారు. అవునంటేనే సిరా. ఒకసారి ఒక ముసలమ్మ "నీళ్ళు జిలజిలంటాయి" అంటే, ఆ జిల నాలుక మీదనా, ఒంటి మీదనా అని తేల్చుకోవడానికి పావుగంట పట్టింది. కమీషనరు తన సోడా తాగేసి, బుడ్డి పక్కన పెట్టి, ఆవలించాడు. ఈయన మాత్రం వచ్చిన ప్రతిసారీ బావి నీళ్ళే తాగేవారు. కాచినవి ఇస్తామన్నా వినేవారు కాదు. "మీరు తాగేది నేను తాగకుండా ఏమని రాసేది?" అనేవారు. ఒకసారి మూడు రోజులు మంచం పట్టారు. దానికి మాత్రం తనను తానే వెక్కిరించుకున్నారు. "ఈసారి రిపోర్టు నా కడుపే రాసింది" అన్నారు.

నాతో ఒకసారి అన్న మాట బడిలో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. "మాట ఏ ఇంట్లోంచి వచ్చిందో ఆ ఇల్లు చూసిరావాల అయివారూ. చూడకుండా దాని అర్థం నాకు తెలుసు అనకూడదు."

నేను తలూపాను. ఆ మాట రాసింది నేనేనని చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. రిటైరయ్యాక కోర్టు వీధి వెనక ఇల్లు తీసుకున్నారు. సాయంత్రాలు మా పేట దాకా నడిచి వచ్చేవారు. దిబ్బ ఉన్న పల్లంలో అప్పటికి ఇసుక పోయించారు. అరుగు మీద కూర్చుని ఎన్ని కబుర్లు చెప్పుకున్నాం! ప్రతిసారీ ఆ మాట ఇవాళ చెప్పేద్దామనుకునేవాణ్ణి, ఇంకో కబురు ఎత్తుకునేవాణ్ణి. అర్జీ మీది దస్తూరీ ఆయన గుర్తుపట్టలేదంటే నేను నమ్మను. నా ప్రమాణపత్రం కూడా ఆయన చేతుల మీదుగా పోయిందే కదా. ఒక్కనాడూ అడగలేదు.

మా ఇంటామె మాత్రం ఆయన వచ్చినప్పుడల్లా లోపలికి వెళ్ళిపోయేది. పిల్ల పోయిన దుఃఖం, ఆయన మీద కోపం అనుకునేవాణ్ణి. ఆ కోపం అలా ఉండనిచ్చాను. అది ఆయన మీద ఉన్నంతకాలం నా మీదకు రాదు కదా.

శుక్రవారం ఆయన కొడుకు కబురు చెప్పి వెళ్ళిపోలేదు. సైకిలుకు రెండు ఇత్తడి బిందెలు కట్టి ఉన్నాయి. సిగ్గుపడుతూ అన్నాడు. "కడపటి స్నానానికి మీ బావి నీళ్ళు తెమ్మని నాయన ముందే చెప్పి పెట్టినాడు. ఇంట్లో పెద్దోళ్ళు గొణిగినారు గానీ, నేను తెస్తానని వచ్చేసినా."

అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్ళాను. ఆమె పొయ్యి దగ్గర ఉంది. నిలబడే చెప్పాను. "ఆయన తప్పేం లేదు. పెంటదిబ్బ అన్న మాట అర్జీలో పెట్టింది నేను. ప్లీడరు అడిగితే నేను కాదన్నా."

ఆమె పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. "నాకు తెలవదా? మీరు వాకిట్లో చదువుతుంటే తలుపు చాటున నేనే గదా ఉండింది. మా అమ్మ పుట్టిన చిల్లకూరులో పెంట అంటే చేనికి తోలుకునేది, ఇంకో మాట పెట్టండి అన్నా. నీకేం తెలుసులే అని నవ్వినారు."

నేను నవ్విన సంగతి నాకు గుర్తు లేదు. ఇప్పటికీ గుర్తు రావడం లేదు. ఆమె అబద్ధం చెప్పదు.

"మరి ఆయన వస్తే లోపలికి పోయేదానివి?"

"ఆ మనిషి కళ్ళల్లోకి ఎట్టా చూసేది? పదేళ్ళు చూసినా, మీరు ఒప్పుకుంటారేమోనని."

అంతే అంది. నన్ను దాటుకుని బయటికి వచ్చింది. ఆ అబ్బాయి దగ్గర బిందెలు తీసుకుని, ఇసుకతో తోమి, బావి దగ్గరకు నడిచింది. నేను చేద పట్టుకోబోతే చేయి అడ్డం పెట్టింది. తానే తోడింది. పేట ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. నిండిన చేద గట్టు మీద పెట్టి, తలమీది కొంగు తీసి, మడత వేసి, బిందె మూతి మీద పరిచింది. తాగే నీళ్ళకు చేసినట్టు, మెల్లగా, ధార తెగకుండా పోసింది.

చనిపోయినవారికి పోసే నీళ్ళు ఎవరూ వడగట్టరు. ఆమె రెండు బిందెలూ వడగట్టింది.