మా ఇంట్లో ఐరిష్ పాఠం

మా ఆయనకు రిటైరయ్యాక పట్టిన పిచ్చి ఐరిష్ భాష. చిన్నప్పుడు కుప్పంలో హాస్టల్లో ఉండగా, ఐర్లండు నుంచి వచ్చిన ఒక ఫాదర్ తన సొంత భాషలో ప్రార్థన చేసుకునేవాడట. అది ఈయన చెవిలో ఉండిపోయింది. ఫోనులో నేర్చుకున్నాడు, ఇప్పుడు నేర్పుతున్నాడు కూడా. ఎవరికనుకున్నారు? ఇంగ్లీషు ధాటికి తమ భాష పోగొట్టుకుని, ఇప్పుడు మళ్ళీ కావాలంటున్న ఐర్లండు వాళ్ళకే! ఆదివారం సాయంత్రమైతే మదనపల్లెలో మా ఇంటి ముందుగది తలుపేసుకుని, కంప్యూటరులో వాళ్ళతో ఒకటే కబుర్లు, నవ్వులు.

నాతో మాట్లాడేది "అన్నం పెట్టు", "మోటరు ఆపు". సవతి ఉన్నా ఇంత కడుపు మండేది కాదు.

"సచ్చిపోతాండే భాష మే అది. మాట్లాడేవాళ్ళు లేకుంటే యాడుంటాది?" అన్నాడొకరోజు.

"ఈడ నేనుండాను గదా! నాతో మాట్లాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

నవ్వుతూ ముందుగదిలోకి పోయి మళ్ళీ తలుపేసుకున్నాడు. నాకు పంతం పట్టింది. ఆ భాషలో అయితేనే మాట్లాడేటట్టుంటే నేనూ నేర్చుకుంటానన్నాను. ఒకే గదిలో ఉంటే గొంతులు రెండుసార్లు వినబడతాయని, నా ఫోనులో అదే పాఠం పెట్టిచ్చి నన్ను వంటింట్లో కూర్చోబెట్టాడు.

ఆ పాఠానికొక పద్ధతి ఉంది. పంతులునైనా సరే, ముందు పేరు పెట్టి పలకరించాలి. అందరిదీ అయ్యాక పంతులు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి. అందరూ ఆయన పేరు పలికారు. ఒక ముసలామె అయితే ఎంత ముద్దుగా సాగదీసిందో! నా వంతు వచ్చింది. పలకరింపు నోటికి వచ్చింది, పేరు రాలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా పుంగనూరు పెద్దవాళ్ళు నేర్పిన బుద్ధి. ఇక్కడ రాయడానికి కూడా చెయ్యి ఆడటం లేదు చూడండి.

మరిచిపోయాననుకుంది కాబోలు, ఆ ముసలామె అందించింది. ఒక్కొక్క అక్షరమే విడదీసి, నా మొగుడి పేరు నాకు నేర్పింది!

ఒళ్ళు భగ్గుమంది. పలకరింపు వదిలేసి, పేరొక్కటే గట్టిగా అనేశాను. అవతల గదిలో కుర్చీ కిర్రుమంది. తర్వాత, పద్ధతి ప్రకారం, ఆయన నా పేరు పెట్టి పిలిచాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయన నోట "మే" కాకుండా నా పేరు వినడం అదే మొదలు. వంటింట్లో ఒక్కదాన్నే సిగ్గుపడిపోయాను.

ఆ వెంటనే ముసలామెను కూడా పేరు పెట్టి పిలిచాడు. అదే గొంతుతో, అంతే మెత్తగా.