బావకిచ్చిన చీటీ

అతని సినిమాల్లో మాటల రచయిత పేరు కనిపించదు. మాటలు ఎవరూ రాయలేదు కనక. లేని సంఘాన్ని ఉన్నట్టు చూపించి, దాని మీద డాక్యుమెంటరీ తీస్తున్నట్టు కెమెరా పట్టుకు తిరగడం అతని విద్య. మొదటిది ఇతరుల బదులు క్యూలో నిలబడేవాళ్ళ సంఘం మీద. దాని అధ్యక్షుడు కూర్చోవడం మరిచిపోయిన మనిషి. అది నిజమనుకుని, చేరతామంటూ ఉత్తరాలు రాసినవాళ్ళున్నారు.

పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే రోజుల్లోనే అతనికో కిటుకు తెలిసింది. కెమెరా ఆపకుండా ఊరుకుంటే చాలు, ఎదుటి మనిషి ఆ మౌనం భరించలేక ఏదో ఒకటి వాగుతాడు. ఆ వాగుడులోనే వాడి పుట్టుపూర్వోత్తరాలన్నీ బయటపడతాయి. దాని మీదే ఇరవై రెండేళ్ళు బతికాడు.

నటులు ఎక్కడినుంచో రాలేదు. కుట్టుమిషను దగ్గర్నుంచి అక్క, బ్యాంకు కౌంటరు దగ్గర్నుంచి బావ, ఇరుగుపొరుగు నుంచి ఇంకో నలుగురైదుగురు. ఆదివారాలు అక్క ముందుగదిలో, గుడ్డముక్కలు ఓ మూలకు నెట్టి షూటింగు. పొద్దున్నే ఒక్కొక్కరికీ ఒక చీటీ. అందులో రెండే సంగతులు: నువ్వెవరు, ఏం దాస్తున్నావు. ఒకరి చీటీ ఇంకొకరు చూడకూడదు. చీటీని కాదనకూడదు. అతను "చాలు" అనేదాకా వేషం విప్పకూడదు.

"నీకు శవమని రాసిస్తే ఏం చేస్తావే?" అనేవాడు బావ.

"మీకిస్తే బాగుండు. గంటసేపైనా నోరు మూస్తారు," అనేది అక్క.

ఇలాంటివి అతను ఎప్పటికప్పుడు ఏరుకునేవాడు. సర్జన్లు సొంతవాళ్ళ ఒంటిమీద కత్తి పెట్టరంటారు. నవ్వించేవాళ్ళకు అలాంటి కట్టుబాటు ఏ కాలంలోనూ ఉన్నట్టు లేదు. పూర్వం విదూషకుడికి రాజును వెక్కిరించే హక్కుండేదని చదువుతాం గానీ, ఆ విదూషకుడి ఇంట్లోవాళ్ళు ఎలా వేగారో ఏ పుస్తకమూ చెప్పదు.

ఏడో సినిమా ఆదర్శ దంపతులకు బహుమతులిచ్చే సంఘం మీద. దానికి నెల ముందు బావ అతన్ని ఎడిటింగు గదిలో పట్టుకున్నాడు.

"నన్ను బ్యాంకులోంచి తీసేసి ఏడు నెలలైందిరా. రోజూ అన్నం డబ్బా పట్టుకుపోయి లైబ్రరీలో కూర్చుంటున్నా. వాళ్ళిచ్చి పంపిన సొమ్మే నెలనెలా జీతమని మీ అక్క చేతిలో పెడుతున్నా. ఇంకోటి దొరికాక నేనే చెబుతా. నీ కడుపులో పెట్టుకో."

పెట్టుకున్నాడు. ఇరవై ఎనిమిది రోజులు.

ఆ ఆదివారం బావ చీటీలో ఇలా ఉంది: ఆదర్శ భర్తవి. ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు. భార్యకు తెలియదు.

ద్రోహమని అతననుకోలేదు. అనుభవించినవాడు చేస్తే పాత్ర పండుతుందనుకున్నాడు. బయటపడినా అక్క దాన్ని చీటీలో అబద్ధమనే అనుకుంటుంది, ఇంతకంటే భద్రమైన చోటు ఏముందని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

బావ చీటీ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక్కసారి అతనివైపు చూశాడు. కాదనలేదు.

"మావారిని చూసి గడియారం సరిచేసుకోవచ్చండి," అంది అక్క కెమెరాతో. "తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉంటారు."

"ఏం పనండీ మీది?" కెమెరా వెనకనుంచి అతను.

"కూర్చోవడమండి," అన్నాడు బావ. "బాధ్యతగల పని. కిటికీ పక్క కుర్చీకి విపరీతమైన పోటీ. పదకొండింటికి పేపరు నా చేతికొస్తుంది. ఒంటిగంటకు డబ్బా మెట్ల మీద తింటాను. లోపల తిననివ్వరు."

గదిలో అందరూ పొట్టలు పట్టుకున్నారు. అక్కా నవ్వింది. నవ్వుతూనే ఆగింది.

"అందుకేనా ఈమధ్య చొక్కాల వెనక గోడసున్నం?"

బావ చెయ్యి వీపు మీదికి పోయింది.

"ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది నెలలు."

అడిగింది ఆదర్శ భార్యో, అక్కో అక్కడెవరికీ తెలియలేదు. అతనికి తెలిసింది. "చాలు" అనాలి. అనలేదు. కెమెరా నాలుగు నిమిషాలు తిరిగింది. అంతసేపూ అక్క బావ వీపు మీద లేని సున్నాన్ని దులుపుతూ కూర్చుంది.

వారం తర్వాత అక్క ఎడిటింగు గదికొచ్చింది.

"అది తీసెయ్యరా."

"అక్కా, అలాంటి సీను నాకు జన్మలో రాలేదు. చూసేవాళ్ళకు మీరు నటిస్తున్నట్టే ఉంటుంది."

"ఆయనకుండదు."

"ఆలోచిస్తాలే."

"కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. నువ్వు చించింది మా కడుపు. నీ కాళ్ళకేం?"

తియ్యలేదు. పదిహేను సెకన్లు తగ్గించాడు, అదీ సీను నడక కోసం. అతని సినిమాలన్నిట్లోకీ అదే బాగా ఆడింది. మెట్ల మీద డబ్బా అనగానే హాల్లో జనం పడిపడి నవ్వారు. బావ లైబ్రరీకి వెళ్ళడం మానేశాడు, అక్కడా గుర్తుపట్టి నవ్వుతున్నారని. ఒకచోట ఇంటర్వ్యూకి వెళితే ఆఫీసరు గది నాలుగు మూలలా చూసి, "కెమెరా ఎక్కడ పెట్టారండీ?" అన్నాడట.

ఎనిమిదో సినిమాకు చీటీలు రాస్తే తీసుకునే చెయ్యి లేకపోయింది. కొత్త నటులు చీటీ చదివి, "ఇది ఎవరి ఇంటి సంగతండీ?" అని అడిగేవారు. చివరికి డబ్బిచ్చి మాటలు రాయించాడు. వారం ఆడలేదు.

ఆ తర్వాతెప్పుడో బావకు ఉద్యోగం దొరికిందని వీధిలో ఎవరో అన్నారు. ఎక్కడో, ఏం పనో వాళ్ళకు తెలియదు. అక్క కూతుర్ని బస్టాపులో ఆపి అడిగాడు.

"నీకు చెప్పొద్దన్నారు మావయ్యా," అంది ఆ పిల్ల, బస్సు వచ్చే వైపే చూస్తూ.