పక్కింటి సాయిబుగారి వడ్డీ లేని సంఘం

మా పక్కింటి సాయిబుగారు పోయిన నెల ఒక శుక్రవారం తెల్లవారుజామున కన్నుమూశారు. ఆ కబురు ఆయన కోడలు గోడ అవతలి నుంచి చెప్పింది. ఏడుస్తూనే, "సంఘం వాళ్లకు ఎవరు చెబుతారు మామ్మగారూ?" అని అడిగింది. అప్పటినుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు.

చిలకలూరిపేటలో ఆయనది పత్తి వ్యాపారం. వడ్డీ వారి మతంలో నిషిద్ధం. అందుకని ఏడెనిమిదేళ్ల క్రితం మసీదు వీధివాళ్లతో కలిసి వడ్డీ లేని అప్పుల సంఘం పెట్టారు. ఉన్నవాళ్లు డబ్బు దాచుకుంటారు, లేనివాళ్లు నగ కుదువపెట్టి అప్పు తీసుకుంటారు. సంఘం నడిపే ఖర్చును మాత్రం అప్పులన్నిటికీ సమానంగా పంచి వసూలు చేస్తారు. లెక్కలు చూడమని నన్ను పిలిచారు. మొహమాటం లేని మనిషి కావాలన్నారట.

మొదటి ఏడాదే పేచీ పెట్టుకున్నాను. పెద్ద అప్పుకీ చిన్న అప్పుకీ ఒకటే రుసుమేమిటి, నూటికింతని పెడితే సంఘం బలపడుతుంది కదా అన్నాను.

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "పెద్ద అంకె రాస్తే సిరా ఎక్కువవుతుందా అమ్మా? నూటికింత అన్నామా, అది పేరు మార్చుకున్న వడ్డీయే" అన్నారు.

"సిరా సంగతి సరే, కాపలావాడి జీతం?"

"మీరుండగా ఎగ్గొట్టగలనా?" అని నవ్వారు.

అప్పు తీర్చేటప్పుడు ఎవరైనా మిరపకాయల బుట్ట తెస్తే వాకిట్లోనే ఆపేసేవారు. "బాకీ లేని రోజున తేరా, తింటాను" అనేవారు.

తెల్లదోమ పత్తిని తినేసిన ఏడాది అప్పులు తిరిగి రాలేదు. డబ్బు దాచుకున్నవాళ్లు అరుగు మీద చేరి కేకలేశారు. ఖర్చు తగ్గించడానికి ఆయన సంఘం అద్దె గది ఖాళీ చేయించి, నగలుండే ఇనప్పెట్టెను తన పత్తి కొట్టులోకి మార్చారు. కాపలావాడి జీతం తానే ఇచ్చుకున్నారు. రుసుము తగ్గింది. చుట్టుపక్కల కూలీలు, చర్చి పంతుళ్లు కూడా రావడం మొదలుపెట్టారు. ఊరంతా మెచ్చుకుంది.

నేను మెచ్చుకోలేదు. "మీ కొట్టు అద్దె కూడా ఖర్చులో చూపించండి. ఇప్పుడు నడుస్తున్నది సంఘం కాదు, మీ జేబు" అన్నాను. ఆయన కొట్టు కుర్రాణ్ణి కేకేశారు. నాకు టీ తెప్పించారు.

ఇప్పుడు ఆయన కొడుకులు కొట్టు ఖాళీ చేయమంటున్నారు. నిన్న సంఘం కమిటీవాళ్లు వచ్చి, రుసుము నూటికింతని రాసిపెట్టమన్నారు. ఒకప్పుడు నేనడిగిందే. కలం పట్టుకుని కూడా రాయలేకపోయాను. అలా రాస్తే అది ఆయన సంఘం కాదు. అలాగని గది అద్దెకు తీసుకుని, ఆ ఖర్చంతా సమానంగా పంచితే చిన్న అప్పువాళ్లు మోయలేరు. చివరకు మా ముందుగది ఇస్తానన్నాను. దాని అద్దెను ఖర్చులో రాసి, అది నేను వదులుకున్నానని కూడా పక్కనే రాయాలన్నాను. ఒప్పుకున్నారు. కానీ నాకూ డెబ్బై దాటాయి. నా తర్వాత ఎవరు వదులుకుంటారు?

ఈ మధ్యాహ్నం వీధిలోకి వస్తే, మూసి ఉన్న సాయిబుగారి కొట్టు ముందు మిరప తొడిమలు తీసే కూలీ ఒకామె నిలబడి ఉంది. కొంగు చివర కాళ్లపట్టీలు ముడేసుకుంది. చెమట కళ్లలోకి దిగుతోంది. ఘాటు పట్టిన చేతులతో తుడుచుకోలేక, రెప్పలు గట్టిగా మూసి తెరుస్తూ, ఆ తలుపువైపే చూస్తోంది.