ఎద్దులకున్న సోమవారం

“ఎద్దు ముక్కు కారుతుంటె కాడి కడ్తవా?”

“ఎందుకు కడ్త? కట్ట.”

“మరి పిల్ల ముక్కు కారుతుంటె ఎందుకు ఉరికిస్తున్నవ్?”

“పిల్ల ఎద్దా?”

“గదే నేను గూడ అడుగుతున్న. ఎద్దుకున్న పాటి లేదా పిల్లకు?”

“ఎద్దును నిజామాబాద్‌ల పందెం ఉరికిస్తరా? దానికి కప్పు ఇస్తరా? నీ ఎడ్ల సంగతి నువ్వు సూసుకో, పిల్ల సంగతి నేను సూసుకుంట!”

వాకిట్లో నేనూ మా ఆయనా ఇలా అరుచుకుంటుంటే, మా సరోజ ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి, ముక్కు ఎగబీలుస్తూ నిలబడింది. ఎవరు గెలిస్తే అటు పోదామని. పదమూడేళ్ళది. రెండు జడలు, పుల్లల్లాంటి కాళ్ళు. ఆ తగువులో నేనే గెలిచాను. ముందే చెబుతున్నాను, నా బతుకులో నేను గెలిచిన తగువులు లెక్కలేనన్ని. ఇంత నష్టం తెచ్చింది మాత్రం ఇదొక్కటే.

మాది బోధన్ నుంచి కోటగిరి పోయే దారిలో ఒక ఊరు. చెరుకు కొట్టే కాలం అది. ఇంకో నెలన్నరకు నిజామాబాద్‌లో జిల్లా బడుల పిల్లలకు పరుగు పందెం. మా బడి నుంచి సరోజను పంపుతామన్నారు. గెలిస్తే హైదరాబాద్ తీసుకుపోతారట. ఆ మాట విన్నాక నాకు కాలు నిలవలేదు. నేను చదివింది మూడో తరగతి. ఆ మూడేళ్ళలో నాకు వచ్చిన విద్య ఉరుకుడు ఒక్కటే. బడిలో మగపిల్లలు కూడా నా వెనకే. తరవాత పసుపు చేలో కలుపు తీయడానికి మనుషులు చాలడం లేదని బడి మాన్పించారు. ఆనాడు ఆగిన కాళ్ళు నాలో ఎక్కడో అట్లాగే నిలబడి ఉన్నాయి. పాపం, వాటిని తీసుకుపోయి పిల్లకు తగిలించాను.

కోడి కూయగానే లేపేదాన్ని. కాలువ గట్టు మీద తూము దాకా, మళ్ళీ ఇంటి దాకా. బడి నుంచి వచ్చాక ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల పక్కన ఇంకో మారు. నెయ్యి తింటే ఒళ్ళు బరువెక్కుతుందని నెయ్యి బంద్. అందులో నా పొదుపు కూడా కలిసింది, దాచను. ఉట్టి మీది నేతి ముంత నిండుగా ఉంటే నాకు కడుపు నిండినట్టుండేది. మా ఆయన ఎద్దులకు మాత్రం వేళకు కుడితి, పిండి. సోమవారం వస్తే వాటికి కాడి కట్టడు. ఫ్యాక్టరీ ముందు బండ్లు ఎంత దూరం బారులు తీరినా సరే, సోమవారం సోమవారమే. పిల్లకు నేను సోమవారం పెట్టలేదు. పందెం దగ్గర పడుతుంటే సోమవారాలు ఎక్కడివి!

మొదట జలుబు వచ్చింది. తగ్గింది. గొంతు నొప్పి వచ్చింది. తగ్గింది. నోట్లో పుండ్లు లేచాయి. అవి మానకముందే మళ్ళీ జలుబు. తగ్గిన ప్రతిసారీ, పోయిన రోజులు పూడ్చాలి కదా అని రెండింతలు ఉరికించాను.

“అవ్వా, కాళ్ళు గుంజుతున్నయే,” అనేది. మా వైపు అమ్మను అవ్వ అంటారు.

“గుంజితేనే గట్టిపడతయి. ఉరుకు.”

ఇదంతా ఎవరి దిష్టో అని తేల్చేశాను. ఎండుమిరపకాయలు పొయ్యిలో తగలేయడమంటే నాకు ప్రాణం పోయినంత పని. అయినా ఐదు తీసి దిష్టి తిప్పి పొయ్యిలో వేశాను. ఆ ఘాటుకు పిల్ల ఇంకా దగ్గింది. “సూసినవా, దిష్టి ఎట్ల బయటికి వస్తున్నదో!” అన్నాను. అప్పుడు నా తెలివి అంత పదును మీద ఉంది.

ఇంక మా ఆయన తట్టుకోలేకపోయాడు.

“ఒక పని జెయ్. పది దినాలు పిల్ల వెంబడి నువ్వు గూడ ఉరుకు. నీకు సర్ది పట్టకపోతె ఇగ నేను నోరు తెరువ.”

“నువ్వు నోరు తెరువకుంట ఉండుడు అయితదా?”

“ముందు నువ్వు ఉరికి సూడు.”

చీర ఎగగట్టి ఉరికాను. నవ్వకండి. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. కాలువ మీద పొగమంచు, ఫ్యాక్టరీ వైపు నుంచి బెల్లం మాడినట్టు తీపి వాసన, ముందు సరోజ జడలు రెండూ ఎగిరెగిరి పడుతుంటే వెనక నేను. దారిన పోయే బండ్ల వాళ్ళు, “ఏందక్కా, బర్రె తప్పిపోయిందా?” అని అడిగేవాళ్ళు. “దొరికింది, ఇంటికి తోల్కపోతున్న,” అని సరోజ వెనక్కి తిరిగి చెప్పేది. ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్ళం. తరవాత నా బతుకులో ఎన్నో పొద్దులు గడిచాయి. ఆ పొద్దులు మాత్రం మళ్ళీ రాలేదు. ఇప్పటికీ కోడి కూస్తే కాళ్ళకు ముందు మెలకువ వస్తుంది. లేచి కూర్చుంటాను. తరవాత మోకాళ్ళు లేచి, ఎక్కడికి పోతావు పడుకోమంటాయి.

ఎనిమిదో రోజు నాకు తుమ్ము వచ్చింది. మా ఆయనకు వినిపిస్తుందని కొట్టంలోకి పోయి బర్రె వెనక నిలబడి తుమ్మాను. బర్రె తాడు తెంపుకుంది. తొమ్మిదో రోజు కొంగు నోట్లో కుక్కుకుని దగ్గాను. పదో రోజు పొద్దున, “సరోజా, లే!” అందామని నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు. పిల్లను తట్టి లేపబోతే ఒళ్ళు పొయ్యి మీది పెనంలా ఉంది. ఎల్లుండి పందెం.

మా ఆయన ఒక్క మాట అనలేదు. ‘నేను చెప్పలేదా’ అని అరిచినా బాగుండేది. బండి కట్టి ఇద్దరినీ బోధన్‌లో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ రోజు సోమవారం. ఎద్దులు కూడా వింతగా చూశాయి.

డాక్టరు నన్ను మందలించాడు. “ఒంట్ల ఉన్న బలం ఒక్కటే, అక్కా. ఉరుకుడుకు గదే గావాలె, రోగంతోని కొట్లాడెటందుకు గదే గావాలె. కొంచెం ఉరికి, మంచిగ తిని పండుకుంటె ఒళ్ళు గట్టిపడతది. తిండి తగ్గిచ్చి, నిద్ర తగ్గిచ్చి, రెండు పూటల ఉరికిస్తె కాపలా ఉండెటోడే అలిసి పండుకుంటడు. ఇగ ఏ సర్ది అయినా సీదా ఇంట్లకే వస్తది. జ్వరం మీద ఉరికిస్తె గుండెకు గూడ మంచిది గాదు.”

“ఎల్లుండి పందెం ఉన్నది, సార్,” అంది సరోజ, మూలుగుతూనే.

“ఎల్లుండి మంచం ఉన్నది, బిడ్డా.”

పందెం రోజున మేమిద్దరం రెండు మంచాల మీద ఉన్నాం. మా ఊరు మీదుగా నిజామాబాద్ పోయే బస్సు హారన్ వినిపించింది. సరోజ గోడ వైపు తిరిగి పడుకుంది. జడలు కూడా వేయలేదు ఆనాడు. ఏదో ఒకటి చెబుదామంటే నాకు గొంతు లేదు. ఆ తరవాతి ఏడాది వేరే పిల్ల ముందుకొచ్చింది. నా బిడ్డ హైదరాబాద్ పరుగుకు పోనే లేదు. ఇప్పుడు దాని బిడ్డ ఉరుకుతుంది. దానికి వారంలో ఒక రోజు సెలవట, వాళ్ళ సారు కాగితం మీద రాసి ఇచ్చాడట. ఆ మాట విని నేను గోడ మీది మా ఆయన ఫోటో వైపు చూశాను. ఆయన ఏమీ అనలేదు. మా ఇద్దరి పందెంలో ఓడితే నోరు తెరవనని మాటిచ్చిన మనిషి, గెలిచి ఇట్లా మూసుకున్నాడు. ఎవరితో తగువులాడను?

ఆనాడు, ఆ పందెం రోజు సాయంత్రమే, దీపం ముందు కూర్చుని, గొంతు లేకపోయినా పెదవులతోనే ఒట్టు పెట్టుకున్నాను. దేవుళ్ళందరూ, కొట్టంలో ఉన్న రెండు ఎద్దులూ సాక్షిగా, ముక్కు కారే ప్రాణిని, అది రెండు కాళ్ళదైనా నాలుగు కాళ్ళదైనా, నా జన్మలో ఉరికించను అని. తాడు తెంపిన బర్రెకు కూడా క్షమాపణ చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దెక్కాక మెలకువ వచ్చింది. ఎద్దులు కొట్టంలోనే ఉన్నాయి, ఆయన లేడు. కాసేపటికి ధోవతి మోకాళ్ళ పైకి ఎగగట్టుకుని, రొప్పుతూ, కాలువ వైపు నుంచి వచ్చాడు. పాదాల నిండా గట్టు బురద.

“ఏడికి పోయినవ్, బాపూ?” మంచం మీద నుంచి సరోజ అడిగింది.

“తూము దాక ఉరికొచ్చిన. మీరిద్దరు ఏం సూసి గంత నవ్వుకుంట వస్తుండ్రో సూద్దామని,” అని, గడపలో నిలబడి గట్టిగా తుమ్మాడు.

నేను లేచి ఉట్టి మీది నేతి ముంత దించాను. ముగ్గురి పళ్ళాల్లోనూ నెయ్యి వేశాను.