మామ్మ పొడుగు ప్రార్థన

ఆ సినిమాకి మామ్మని తీసుకెళ్ళాలన్న ఆలోచన నాదే. ఇంట్లో కూర్చుని పొద్దస్తమానం గోడకేసి చూస్తోంది, కాసేపు నవ్వించి తీసుకొద్దాం అనుకున్నాను. పోస్టరు మీద ఒక ముసలమ్మ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. కామెడీయే కదా అని టికెట్లు తీశాను. లోపలికెళ్ళి కూర్చున్నాక తెలిసింది, అది ముసలివాళ్ళని మోసం చేసి బతికే ఒక మొగుడూపెళ్ళాల కథ అని. మా మామ్మని ఒకడు మోసం చేసి అప్పటికి నెల కూడా కాలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉందని నన్ను నేనే తిట్టుకున్నాను.

హౌరాలో కొత్తగా కట్టిన మాల్ అది. సినిమా హిందీ. మామ్మకి హిందీ వచ్చు గానీ గబగబా మాట్లాడితే అందదు. నేను చెవిలో చెబుతూ వచ్చాను. ఆ జంట ఒంటరి ముసలివాళ్ళని చూసి పెట్టుకుంటారు, మందులు తెచ్చిస్తారు, కాళ్ళు పడతారు, ఇల్లు తమ పేరున రాయించుకున్నాక మెట్ల మీంచి తోసేస్తారు. ఒక తాత అలా దొర్లుతూ పోతుంటే, ఆయన కట్టుడుపళ్ళు ఆయనకంటే ముందు కిందికి చేరాయి. హాలంతా గొల్లుమంది. మా వెనక కుర్రాడు మా కుర్చీని తంతూ మరీ నవ్వాడు. మామ్మ వెనక్కి తిరగకుండానే చేతికర్రని రెండు కుర్చీల మధ్యలోంచి వెనక్కి దోపి, వాడి మోకాలి చిప్ప మీద ఒక్కటి ఇచ్చింది. వాడు కెవ్వుమన్నాడు.

"నొప్పెట్టిందేటి? ఆ తాతకీ అలగే నొప్పెడతాది" అంది తెలుగులో. వాడు బెంగాలీ కుర్రాడు, ఏమర్థమైందో గానీ తరవాత నవ్వలేదు.

రెండో సగంలో ఒక ముసలమ్మ మసాలా నూరే పొత్రంతో ఆ మొగుడి తల పగలగొడుతుంది. తెరంతా ఎర్రగా అయిపోయింది. జనం ఈలలు వేశారు, నేనూ చప్పట్లు కొట్టాను. నాకు ముక్కు మీద కోపం, అలాంటివి చూస్తే ఒళ్ళు తేలికపడుతుంది. మామ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు, ఒక్క దెబ్బకి అంత రక్తం రాదని, సినిమా వాళ్ళకి ఏమీ తెలీదని అంది. ఆవిడకెలా తెలుసో నేను అడగలేదు.

మోసం సంగతి చెప్పాలి. మాది హౌరా పక్కన సంత్రాగాఛి. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికొచ్చి ఇక్కడే రిటైరై, యార్డుకి దగ్గరలో రెండు గదుల ఇల్లు కట్టుకుని పోయాడు. అమ్మా నాన్నా పోయాక ఆ ఇంట్లో మామ్మా నేనూ మిగిలాం. నేను ఒక నర్సింగ్ హోమ్ కౌంటర్లో పనిచేస్తాను. నా తెలుగు మామ్మ చలవే. బైబిలు ముందు పెట్టి, తప్పు చదివితే మొట్టికాయ వేసి నేర్పింది. ప్రార్థనలో కళ్ళు తెరిస్తే ఇంకా గట్టి మొట్టికాయ. మా వాళ్ళలో ఇది చిన్న విషయం కాదు. ప్రార్థన మొదలైతే ఆమెన్ అనేదాకా కళ్ళు తెరవకూడదు, పాలు పొంగిపోతున్నా సరే, గుమ్మంలో ఎవరున్నా సరే.

ప్రతి గురువారం మధ్యాహ్నం మా ఇంట్లో స్త్రీల కూటం జరిగేది. అందరూ మామ్మ ఈడువాళ్ళే, చాలామంది విధవరాళ్ళు, అంతా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఆ కూటంలో ప్రార్థన మామ్మదే. చర్చిలో పాస్టరు గారు కూడా ఆవిడ ప్రార్థనని మెచ్చుకునేవారు. పొడుగు ప్రార్థన. రోగుల్ని, గర్భిణుల్ని, పరీక్షలు రాసే పిల్లల్ని, సిగ్నల్ దగ్గర రాత్రి డ్యూటీ చేసేవాళ్ళని, ఢిల్లీలో పెద్దల్ని, ఒక్కొక్కరినీ తలుచుకుంటూ పోయేది. చదువు లేదు, ఆస్తి లేదు. కానీ ఆ ప్రార్థన వల్ల చర్చిలో ముందు వరసలో ఆవిడకో చోటు ఉండేది.

ఆ మోసం చేసినవాడు తనది పలాస అవతల ఏదో ఊరన్నాడు. నలభై ఏళ్ళుంటాయి, తెల్ల చొక్కా, సంకలో బైబిలు. అచ్చం మా వాళ్ళ మాటే. "ఏటమ్మా, బాగున్నారేటి" అంటే చాలు, ముసలివాళ్ళందరూ కరిగిపోయారు. ఇంట్లో మనవలు బెంగాలీలోనూ హిందీలోనూ తప్ప మాట్లాడరాయె. నెల్లాళ్ళు కూటానికి వచ్చాడు, మోకాళ్ళ నొప్పులకి నూనె రాశాడు, పాటలు పాడాడు. ఒక గురువారం, ఒంటి మీద బంగారం తీసి ఒక గుడ్డలో పెట్టండి, ప్రార్థించి అభిషేకిస్తాను, మళ్ళీ వేసుకుంటే రోగాలు దరి చేరవు అన్నాడు. గాజులు, గొలుసులు, కమ్మలు అన్నీ గుడ్డలోకి వచ్చాయి. సబ్బు పెట్టి లాగితే తప్ప రాని ఉంగరాలు కూడా తీశారు.

అప్పుడు వాడు మామ్మ వైపు తిరిగి, ఈరోజు ప్రార్థన మీరే నడపాలి అన్నాడట.

మామ్మ నడిపింది. ఆరోజు ఇంకాస్త శ్రద్ధగా నడిపింది. గేటు గడియ చప్పుడు ముగ్గురికి వినబడింది. ఒకావిడ, మనసు చెదరగొట్టడానికి సైతాను చేస్తున్న పని అనుకుని కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది. ఆమెన్ అని తెరిచేసరికి గుడ్డ లేదు, మనిషి లేడు, పళ్ళెంలో పెట్టిన బిస్కట్లు కూడా లేవు.

పోలీసులు రాసుకుని వెళ్ళారు. బంగారం పోయిన దుఃఖం అందరికీ ఒకటే, కానీ నింద మామ్మకి ఒక్కదానికే పడింది. అది ప్రార్థన కాదు, గూడ్సుబండి అన్నారు. వాడూ మామ్మా కలిసే చేశారేమో అని కూడా ఒకరు అన్నారు. ఆ మాట అన్నవాళ్ళ ఇంటికెళ్ళి నేను తలుపు తన్ని వచ్చాను. ఫలితం లేకపోయింది. కూటం వేరే ఇంటికి మారింది. మామ్మతోపాటు కొత్త పెళ్ళికూతురుగా ఈ ఊరొచ్చిన స్నేహితురాలు, వదినా అని పిలిచే మనిషి, ఎదురుపడితే తల తిప్పుకుంది. చర్చిలో మామ్మని ప్రార్థించమని ఎవరూ అడగలేదు. బంగారం పోయిందని ఆవిడ ఒక్కరోజు కూడా ఏడవలేదు. దీనికి మాత్రం ఏడ్చింది. అప్పుడే నేను సినిమాకి తీసుకెళ్ళాను.

ఆ తరవాత ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చామో లేదో ఫోను. వాడు దొరికాడు. టికియాపారా యార్డులో పనిచేసే మా చర్చి అన్నయ్య ఒకడు టీ కొట్టు దగ్గర వాణ్ణి చూశాడట. ఇంకో తెలుగు ముసలమ్మ మోకాలు పట్టుకుని ప్రార్థిస్తున్నాడట. లోకల్ ఎక్కి టికియాపారాలో దిగాం. మామ్మ దారంతా కర్ర ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నాకైతే పండగలా ఉంది, చేతులు దురదపెడుతున్నాయి.

ఆ వీధి కుర్రాళ్ళ క్లబ్బు ముందు ఖాళీ స్థలంలో కరెంటు స్తంభానికి కట్టేశారు వాణ్ణి. మేం వెళ్ళేసరికే ముఖం ఏ వైపు ఏదో తెలియకుండా ఉంది. పెదవి రెండుగా చీలింది. తెల్ల చొక్కా ముందు భాగమంతా రక్తం. ఒకడు బెల్టుతో కొడుతున్నాడు, ఒకడు అలిసిపోయి నీళ్ళు తాగుతున్నాడు. వాడికీ మాకూ ఏ సంబంధమూ లేని జనం కూడా వరసలో నిలబడి కొట్టిపోతున్నారు. మాకంటే ముందే చేరిన మా కూటం ఆడవాళ్ళకి క్లబ్బు వాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, మట్టి ముంతల్లో టీ ఇచ్చారు. ఒక్కొక్కరూ టీ పక్కన పెట్టి లేచి, చెప్పుతో రెండు కొట్టి, ఆయాసపడుతూ వచ్చి కూర్చుంటున్నారు. కీళ్ళనొప్పుల వల్ల చెయ్యి లేవని ఒకావిడకి ఒక కుర్రాడు చెయ్యి పట్టుకుని కొట్టించాడు, పిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు.

బంగారం ఏదంటే అమ్మేశానంటాడు. ఎవరికంటే తెలీదంటాడు. అన్నప్పుడల్లా దెబ్బలు.

మామ్మ వాడి దగ్గరికి నడిచింది. బెల్టు వాడు పక్కకి తప్పుకుని, బెంగాలీలో మామ్మని పిలిచినట్టు, దిదా, కొట్టండి అన్నాడు. మామ్మ కొట్టలేదు. ఆవిడకి కావలసింది వేరే. అందరి ముందూ వాడి నోటితో ఒక్క మాట చెప్పించాలి, తనకీ వాడికీ పొత్తు లేదని. అది నాకు ఆ క్షణంలో అర్థమైంది. వంగి, వాడి ముఖంలో ముఖం పెట్టి అడిగింది.

"సెప్పు బాబూ. ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు పార్దన సెయ్యమన్నావు?"

వాడు రక్తం ఉమ్మాడు. "మిగతావోళ్ళు నాలుగు ముక్కల్లో ముగించేత్తారు మామ్మా. నీదైతే నాను బస్సెక్కి కూకోవచ్చు."

కుర్చీల్లోంచి ఎవరో ఫక్కుమన్నారు. తరవాత ఇంకొకరు. ఎవరో బెంగాలీలోకి మార్చి చెప్పారు, బెల్టు వాడు కూడా నవ్వాడు. నవ్వుతున్నంతసేపు దెబ్బలు ఆగాయి. అది వాడు కనిపెట్టాడు. బతకనేర్చినవాడు కదా, ఇంకా నవ్వించాలనుకున్నాడు.

"నాకోసం కూడా సేసినావు మామ్మా. ఈ దైవసేవకుణ్ణి పెయాణంలో కాపాడు తండ్రీ అన్నావు. గుమ్మంకాడ నిలబడి, ఆ మాట ఇని, ఆమెన్ అనుకుని మరీ ఎల్లినాను."

ఇక జనం ఆగలేదు. కడుపులు పట్టుకున్నారు. పాత స్నేహితురాలు కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. వాడూ నవ్వాడు, ముందు పళ్ళు రెండు లేవు.

మామ్మ కర్ర తిరగేసింది. కింద ఇనప పొన్ను ఉన్న వైపు పైకి వచ్చింది. రెండు చేతులతో పట్టుకుని, వాడి ముఖం మీద కొట్టింది. మొదటి దెబ్బ ముక్కుకి తగిలింది. పచ్చి కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది. రెండో దెబ్బ కంటికి. వాడు అరిచిన అరుపు నేను నర్సింగ్ హోములో కూడా ఎప్పుడూ వినలేదు. మూడోసారి కూడా ఎత్తి కొట్టింది, ఈసారి గురి చూసి, అదే కంటికి. నవ్వులన్నీ చచ్చిపోయాయి. నేను పక్కనే ఉన్నాను, చెయ్యి చాపితే కర్ర అందుతుంది. చాపలేదు. ఆపాలని అనిపించలేదు. ఆ దెబ్బలు నా గుండెల్లో చల్లగా దిగాయి, ఉన్నమాట చెబుతున్నాను.

కర్ర మామ్మ చేతిలోంచి తనంతట తనే జారింది. నిజంగానే, సినిమాలో చూపించినంత రక్తం రాలేదు. వచ్చింది కొద్దిగానే, కానీ దాంతోపాటు ఇంకేదో తెల్లగా వచ్చింది. టీ ఇచ్చిన కుర్రాడు పక్కకెళ్ళి వాంతి చేసుకున్నాడు. క్లబ్బు పెద్ద, దిదాని ఇంటికి తీసుకుపో అన్నాడు నాతో, చాలా గౌరవంగా. ఫోన్లలో తీసిన వీడియోలన్నీ అక్కడికక్కడే తీసేయించాడు. పోలీసులు వస్తే గుంపు కొట్టిందన్నారు. గుంపుకి పేరుండదు కదా. వాడు చావలేదు. ఆ కన్ను మాత్రం పోయింది. బంగారం దొరకలేదు.

ఆ గురువారం కూటం ఆడవాళ్ళంతా మా ఇంటికే వచ్చారు. ఎవరూ పిలవలేదు. చాప వాళ్ళే పరుచుకున్నారు. మామ్మకి గోడవారగా దిండు వేశారు, ఒకావిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. వాళ్ళు ఆవిడకి భయపడుతున్నారో మొక్కుతున్నారో చెప్పలేను. రెండూ నాకు నచ్చాయి. మామ్మ చోటు మామ్మకి వచ్చేసిందని మురిసిపోయాను. పాత స్నేహితురాలు మామ్మ చెయ్యి పట్టుకుని, "నువ్వే సెయ్యాలి వదినా, నువ్వు సేత్తేనే దేవుడు ఇంటాడు" అంది.

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. మాట లేదు. యార్డులోకి ఒక బండి వచ్చి ఆగింది. అప్పటికీ మాట లేదు. మొట్టికాయ పడితే పడిందని నేను కళ్ళు తెరిచాను. మామ్మ కళ్ళు తెరుచుకునే ఉంది. ఒక్కొక్కరి ముఖమూ చూస్తోంది.

"కళ్ళు తెరవండి" అంది. తెరిచారు.

"ఆడి కన్ను పోనాది. నాకు బాధ రానేదు. వత్తాదేమోనని ఆదివారం నుంచీ సూత్తన్నాను. రానేదు. మళ్ళీ కొట్టమంటే మళ్ళీ కొడతాను. ఇలగ ఆయన ముందుకి ఎల్లి, తప్పయిపోనాది తండ్రీ అని అబద్దం ఆడమంటారేటి?"

అందులో తప్పేముంది, వాడికి అలాగే కావాలి అని ఎవరో గొణిగారు. నేనూ అదే అన్నాను, గట్టిగానే అన్నాను. మామ్మ నా వైపు చూసింది. చిన్నప్పుడు తప్పు చదివితే అలా చూసేది.

"మీరు సేసుకోండి" అని గోడ పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె స్టవ్వు మీద పెట్టిన చప్పుడు, నీళ్ళు పోసిన చప్పుడు వినిపించాయి. చివరికి పాత స్నేహితురాలు మొదలుపెట్టింది. నాలుగు ముక్కల్లో అయిపోయింది. చాప మీద ఉన్నవాళ్ళందరం ఆమెన్ అన్నాం, అలవాటు కొద్దీ ఇంకొక గొంతు కోసం ఆగాం. వంటింట్లోంచి ఆమెన్ రాలేదు.