మెయిల్ గదిలో దసరా

మా ఎరువుల కంపెనీ కాకినాడ ఆఫీసులో అమ్మిరాజుగారు చేసే పనేమిటో సగం మందికి తెలియదు. అంతా బాగున్నన్నాళ్లూ ఆయన ఉన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. మెయిలు కాసేపు ఆగిందా, మేడ మీద నుంచి కింద దాకా అందరికీ ఆయన పేరే తారకమంత్రం. నేను పర్చేజ్ సెక్షన్‌లో పనిచేసేదాన్ని. ఆయన భార్య హారతి డిస్పాచ్ చూసేది, ఆవిడది నా పక్క సీటు. ఆయన్ని దగ్గరగా ఎరిగింది ఆవిడ వల్లే.

రామచంద్రపురం దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, పొలం తమ్ముడికి వదిలేసి కంప్యూటర్లు నేర్చుకున్న మనిషి ఆయన. అయినా మాటల్లో పొలం పోలేదు. మెయిలుకి రెండు సర్వర్లుండేవి. వాటికి కంపెనీ పెట్టిన పేర్లు ఎవరికీ నోరు తిరక్కపోతే ఆయనే పెద్దోడు, చిన్నోడు అని పిలిచేవారు.

"ఒకే కాడికి కట్టిన ఎడ్లు కావండీ ఇవి. పెద్దోడు దున్నుతుంటే చిన్నోడు గట్టు మీద నిలబడి చూస్తుంటాడు. పెద్దోడు కూలబడ్డాడంటే ఆ కాడి తన మెడకెత్తుకుంటాడు. మీకు తెలియను కూడా తెలీదు" అని ఒకసారి నాకు చెప్పారు.

"మరి పొలమేదండీ?" అన్నాను వేళాకోళంగా.

"అదుగో, ఆ డిస్కుల పెట్టె. మెయిళ్లన్నీ దాన్లోనే ఉంటాయి. పొలం ఒక్కటేనండి, ఎవడు దున్నినా దాన్నే దున్నాలి."

హారతికి కేన్సరని తేలింది రెండువేల రెండు వేసవిలో. చేతనైనన్నాళ్లూ ఆఫీసుకి వచ్చింది. మధ్యాహ్నాలు ఏదో టైపు చేస్తూ కూర్చునేది. అడిగితే "పనుందిలే" అనేది. ఆ మాఘమాసంలో పోయింది. నాకు ఒళ్లు మండేది, దేవుడి మీద కూడా. అంత నవ్వే మనిషిని తీసుకుపోయి ఏం బావుకున్నాడు?

పోయినవాళ్ల మెయిల్‌బాక్సు తీసెయ్యాలని మా ఆఫీసు రూలు. ఉద్యోగుల లెక్కలు చూసే పర్సనెల్ సెక్షన్ వాళ్లు నెల తిరక్కుండానే గుర్తు చేశారు. తన భార్య మెయిల్‌బాక్సు తన చేత్తోనే తీసెయ్యడానికి కూర్చున్నారాయన. తెరిచి చూస్తే అందులో ఆయన పేరుకి రాసి, పంపకుండా ఉంచేసిన మెయిళ్లు కనిపించాయి. మధ్యాహ్నాలు హారతి చేసిన పని అది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, అంత దాచుకుంది.

మర్నాడు నా టేబుల్ దగ్గరికొచ్చి చెప్పారు.

"ఏమని రాసిందండీ?"

"ఆవకాయ జాడీకి వాసెనగుడ్డ మార్చుకోమని. నీలం చొక్కాకి గుండీ కుట్టలేకపోయానని..."

"ప్రింటు తీసి ఇంటికి పట్టుకెళ్లండి" అని కోప్పడ్డాను.

"మెషీన్లో ఉంటే ఇంకా ఆఫీసులోనే ఉన్నట్టుంటుందండీ" అన్నారు.

ఆయన స్టాఫ్ జాబితాలోంచి హారతి పేరు తీసేశారు. మెయిల్‌బాక్సుని మాత్రం డిస్కులో ఓ మూల వదిలేశారు. డిస్కులు పాడైతే పనికొస్తాయని రోజూ టేపు మీదికి కాపీ అయ్యేవి జాబితాలో ఉన్నవాళ్ల మెయిళ్లే. ఆ సంగతి ఆయనకి తెలుసు. చేరిస్తే పర్సనెల్ వాళ్ల కంట పడుతుందని చేర్చలేదు.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా ఫ్యాక్టరీలో బొట్టు పెట్టని మెషీను ఉండదు. అమ్మిరాజుగారు ఏటా చిన్నోడికి పని అప్పజెప్పి పెద్దోణ్ణి ఆపి పసుపు రాసేవారు. తర్వాత పెద్దోడికి అప్పజెప్పి చిన్నోడికి రాసేవారు. డిస్కుల పెట్టెని మాత్రం ఆపేవారు కాదు. నడుస్తుండగానే తడి లేని వేలితో చిన్న బొట్టు పెట్టి వదిలేసేవారు.

ఆ ఏడు ఆయనకి ఏటిసూతకం. పూజలో చెయ్యి పెట్టకూడదు. స్టోర్సు గణేష్‌బాబుగారు, ఆఫీసులో అందరికన్నా పెద్దాయన, పసుపుగిన్నెతో వచ్చారు.

"మీరు గుమ్మం బయటే ఉండండి నాయనా. నేను చేస్తానుగా."

"పెద్దోణ్ణి ఆపేశానండి. రాయొచ్చు" అన్నారు అమ్మిరాజుగారు బయట నుంచే.

గణేష్‌బాబుగారు పెద్దోడికి భక్తిగా పసుపు రాశారు. పక్కనే దీపాలు మిణుకుమంటున్న డిస్కుల పెట్టె కనిపించింది. చేతులు తడి. షాకు కొడుతుందేమోనని గోడకున్న దాని స్విచ్ ఆపేశారు. ఒకటి ఆగితే ఇంకోటి చూసుకుంటుందని అమ్మిరాజుగారు చెప్పగా విని ఉన్నారు మరి.

"అయ్యో, అది వద్దండీ!" అంటూ అమ్మిరాజుగారు సూతకం మాట మరిచి లోపలికి పరిగెత్తారు. స్విచ్ వేశారు. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన డిస్కులు ఒకసారి ఆగాక మళ్లీ తిరగలేదు. చిన్నోడు బాగానే ఉన్నాడు, పెద్దోడూ బాగానే ఉన్నాడు. పొలమే లేదు. విశాఖపట్నం నుంచి వచ్చిన సర్వీసు మనిషి కూడా పెదవి విరిచి, కొత్త డిస్కులు వేసి వెళ్లాడు.

అమ్మిరాజుగారు ఇంటికి వెళ్లకుండా కూర్చుని టేపుల్లోంచి అందరి మెయిళ్లూ వెనక్కి తెచ్చారు. మేనేజరు అందరినీ పిలిచి, ఒక్క మెయిలు కూడా పోకుండా నిలబెట్టారని చప్పట్లు కొట్టించాడు. నేను కొట్టలేదు.

గణేష్‌బాబుగారు కళ్లనీళ్లతో ఆయన చెయ్యి పట్టుకున్నారు. "నా చేతుల మీద జరిగింది నాయనా. ఏమీ పోలేదు కదా?"

"ఏమీ పోలేదండీ. అన్నీ వచ్చేశాయి" అన్నారు అమ్మిరాజుగారు.

అందరూ వెళ్లాక ఆయన గదికి వెళ్లాను. కొత్త డిస్కుల వంక చూస్తూ కూర్చున్నారు. నాకు తోచిన ఓదార్పు చెప్పాను.

"చదివినవి మీ మనసులో ఉన్నాయి కదండీ. వాటినెవరూ తియ్యలేరు."

ఆయన తల అడ్డంగా ఊపారు.

"అన్నీ చదవలేదండి శ్రీదుర్గగారూ. శనివారానికొకటే చదివేవాణ్ణి, అయిపోతాయని. ఇంకా చాలా ఉన్నాయండి."