ఎవరి కాగితం వాళ్ళకే

ఊరికే వచ్చేదాన్ని దేన్నీ నేను నమ్మను. కూరగాయల బండివాడు కొసరుగా కొత్తిమీర వేస్తే కట్ట విప్పి లోపల చూస్తాను. మా పుట్టింట్లో నన్ను అనుమానప్పక్షి అనేవారు. ఆ బుద్ధితోనే ఇన్నేళ్ళుగా జీతం తెచ్చుకుంటున్నాను. రాయదుర్గం మెట్రో స్టేషన్‌కి ఎదురుగా ఉన్న ఆఫీసులో, వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా పని. ఎవరైనా వచ్చి అంతా బాగానే ఉంది మేడమ్ అంటే సరిగ్గా అక్కణ్ణుంచే వెతకడం మొదలుపెడతాను.

అలాంటిదాన్ని, గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన పైసా తీసుకోకుండా తిరిగే అంబులెన్సు ఒకటి ఉంటే ఎలా చూస్తానో చెప్పక్కర్లేదు. ఒక స్వచ్ఛంద సేవాసంస్థది అది. ఒక టైలరు, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ పిల్లలు కొందరు, రిటైరైన నర్సమ్మ ఒకావిడ వంతులవారీగా పనిచేసేవాళ్ళు. డ్రైవరు అరవై దాటిన మనిషి, ఈ ఊరివాడే. మా టవర్లు లేవక ముందు ఇదే నేలలో జొన్న వేసేవాడట. ఇరవై ఏళ్ళకు పైగా వీళ్ళు జనాన్ని ఆస్పత్రులకు మోస్తున్నారని మా వాచ్‌మన్ గొప్పగా చెప్పేవాడు. ఇరవై ఏళ్ళు ఊరికే ఎవరు మోస్తారు? అంబులెన్సువాళ్ళకు పెద్ద ఆస్పత్రులు కమిషన్ ఇస్తాయని ఆఫీసులో అందరూ అనుకునే మాటే. నేను అదే ఖాయం చేసుకున్నాను.

మూడేళ్ళ కింద ఒక రోజు ఆ అంబులెన్సులో మా ఆయన్నే ఎక్కించారు.

మా ఆయనది నాంపల్లి వైపు ప్రభుత్వ ఆఫీసు. రోజూ పొద్దున నా కారులో తీసుకొచ్చి ఆయన్ని మెట్రో దగ్గర దింపి, నేను ఎదురుగా నా ఆఫీసుకు వెళ్ళేదాన్ని. ఆ రోజు తొమ్మిదింటికి దింపాను. ఆయన స్టేషన్ కింద ఇడ్లీ తిని, మెట్లెక్కుతూ పడిపోయాడు. పక్షవాతం. స్టేషన్‌కి కూతవేటు దూరంలో పెద్ద ఆస్పత్రి ఉంది. వీళ్ళు దాన్ని దాటించి, ఇంకో పది నిమిషాలు పోయి, వేరే ఆస్పత్రిలో చేర్చారు. నాకు కబురు అందింది మా ఆయన ఆఫీసు నుంచి, అంతా అయ్యాక. నేను మీటింగ్‌లో ఉన్నానని అందరికీ చెప్పాను.

అక్కడి డాక్టరు ఒక్క మాట అన్నాడు. రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఇంకో గంట ముందు పడి ఉంటే చెయ్యి ఇంకా బాగా తిరిగేదని. ఆ గంటని నేను తీసుకెళ్ళి అంబులెన్సు నెత్తిన పెట్టాను. దగ్గరి ఆస్పత్రి వదిలేసి దూరానికి ఎందుకు పోయారు? కమిషన్ ఎక్కడుంటే అక్కడికి. ఎంత ఆలోచించినా నాకు ఇంకో కారణం కనపడలేదు. మా ఆయన కుడిచెయ్యి ఇప్పుడు కంచం దాకా వస్తుంది గానీ ముద్ద కలపలేదు. మాట వచ్చింది కానీ మధ్యమధ్య ఆగి వస్తుంది. భోజనం దగ్గర కూర్చున్న ప్రతిసారీ ఆ బండి గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండేది.

వారం తరువాత ఆ డ్రైవరు మా ఇంటికి వచ్చాడు. చేతిలో గుడ్డసంచి, అందులో మా ఆయన చెప్పు. ఒక్కటే. "కుడిదే దొరికిందమ్మా. ఎడమది చానా ఎతికినం, దొరకలె," అన్నాడు. ఒంటి చెప్పు ఇవ్వడానికి ఎవరైనా పదో అంతస్తు ఎక్కి వస్తారా? ఇల్లు చూసిపోవడానికి వచ్చాడనుకున్నాను. గుమ్మంలోనే సంచి అందుకుని తలుపేశాను. మా ఆయన లోపల్నుంచి ఏదో అనబోయాడు, మాట తోసుకొచ్చేలోపు లిఫ్టు కిందికి వెళ్ళిపోయింది.

ఈ సంవత్సరం నేను మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శినయ్యాను. మొదట చేసిన పని, గేటు పక్క స్థలం ఖాళీ చేయమని సంస్థకు ఉత్తరం తయారు చేయడం. కమిటీలో ఆరుగురు సంతకం పెట్టేశారు. మీరెలా అంటే అలా మేడమ్ అన్నారు. ఏడో సంతకం నాది. ఆదివారం సాయంత్రం కమిటీలో చదివి వినిపించి పెడదామనుకున్నాను. ఇక్కణ్ణుంచి తీసేస్తే వాళ్ళకు జీడిమెట్లలో ఎవరో ఇస్తామన్న షెడ్డే దిక్కు. జీడిమెట్ల నుంచి మా వైపుకు ఆ ట్రాఫిక్‌లో ఎప్పటికి వస్తారు, వచ్చినా ఎవరికి లాభం అని మా ఆయన అడిగాడు. "మీకంటే ఎవరికి తెలుసు వాళ్ళ వల్ల లాభమేమిటో?" అన్నాను.

అదే ఆదివారం పొద్దున వాళ్ళ పాతికేళ్ళ పండుగ. పిలవడానికి డ్రైవరే వచ్చాడు. ఈసారి కూడా గుమ్మంలోనే నిలబెట్టాను.

"సారును తీస్కొని జర రాండ్రమ్మా."

"ఎవరెవరు వస్తున్నారు? మంత్రులా?"

"మంత్రులేందమ్మా. మేం ఎత్తుకపోయినోళ్ళు వస్తరు. బతకనోళ్ళ ఇంటోళ్ళు వస్తరు."

"వచ్చినవాళ్ళకు ఏం చేస్తారు? శాలువాలు కప్పుతారా?"

"శాలువలు గిట్ల ఏం లేవు. కాగితాలిస్తం. ఎవరి కాగితం వాళ్ళకే."

ఏం కాగితమో చెప్పలేదు. ఎక్కడో సంతకం పెట్టించుకుంటారు కాబోలు అనుకున్నాను. అయినా వెళ్ళాను. వాళ్ళని వాళ్ళ పందిట్లోనే పట్టుకుందామని వెళ్ళాను. ఉత్తరం నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

గేటు పక్కన షామియానా వేశారు. అంబులెన్సుకు బంతిపూల దండ, బానెట్ మీద పసుపు కుంకుమ. లోపలికి అడుగుపెట్టగానే నా కళ్ళు బ్యానరు మీద పడ్డాయి. అడుగున, కుర్చీలు ఇచ్చినవారు అని ఒక ఆస్పత్రి పేరు. మా ఆయన్ని చేర్చిన ఆస్పత్రే. నాకు సంతోషం కూడా వేసింది, అబద్ధమెందుకు. మా ఆయన మోచెయ్యి పట్టుకుని, "చూశారా," అన్నాను. తిన్నగా డ్రైవరు దగ్గరికెళ్ళి అడిగేశాను.

"నాలుగు దవాఖానలను అడిగినమమ్మా. వాళ్ళొక్కళ్ళే కుర్చీలు పంపిండ్రు."

"ఎందుకు పంపారు?"

"గది నేనేం చెప్త? వాళ్ళనే అడగాలె."

ఆ జవాబు నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడలేదు. రాసిపెట్టుకోండి, ఆ కుర్చీల వెనక ఏదో ఉండే ఉంటుంది.

పందిట్లో వేదిక లేదు. ఒక బల్ల, దాని వెనక నర్సమ్మ, పక్కన గోడకు ఆనించిన నల్లబల్ల. దాని మీద సుద్దతో ఆస్పత్రుల పేర్లు, వాటి ఎదురుగా అవును, కాదు అని గళ్ళు. అదేమిటని అడిగాను. పొద్దున్నే అన్ని ఆస్పత్రులకూ ఫోన్ చేసి, ఎక్కడ ఏ మిషను నడుస్తోందో, ఏ డాక్టరు ఉన్నాడో రాసిపెడతారట. పాతికేళ్ళుగా ఒక్క రోజు తప్పలేదట. చేసేది ఆవిడే.

"వాళ్ళు ఉన్నదే చెప్తారని నమ్మకమేంటండి?" అన్నాను.

"నమ్మ," అంది ఆవిడ. "స్కాన్ నడుస్తున్నదా అంటె, ఎవ్వరైన నడుస్తున్నదనే అంటరు. ఇగ నేను ఆ స్కాన్ తీసే పిల్లను ఫోన్ల పిలిపిస్త. ఇయ్యాల నువ్వు ఎంతమందికి తీసినవు బిడ్డా అని అడుగుత. ఎవ్వరికీ తియ్యలేదంటె, కాదు అని రాస్త."

నాకు ఆవిడ మీద ఒక్కసారిగా గౌరవం కలిగింది. ఇన్నేళ్ళలో నా జాతి మనిషి ఒకరు తగిలారు అనిపించింది. నేనూ ఆఫీసులో సరిగ్గా ఇలాగే అడుగుతాను.

తరువాత ఒక్కొక్కరినీ పిలవడం మొదలుపెట్టారు. ఎవరినైనా బండిలో తీసుకెళ్ళిన ప్రతిసారీ ఒక కాగితం రాస్తారట, ఎక్కడ పడ్డారు, ఎటు తీసుకెళ్ళారు, ఎందుకు అని. ఐదేళ్ళకోసారి ఆ కాగితాలు ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తారట. పైకి చదవరు. తీసుకున్నవాళ్ళు కుర్చీలో కూర్చుని చదువుకుంటారు. ఒకామె చదివి, మడిచి, కళ్ళకద్దుకుని జాకెట్టులో పెట్టుకుంది. ఒకాయన చదవకుండానే చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ సంతకం అడగలేదు.

మా ఆయన పేరు పిలిచారు. ఆయన ఎడమచేత్తో తీసుకుని నాకిచ్చాడు. పెన్సిలు రాత, నర్సమ్మదే.

"మెట్రో మెట్లు. మొగమనిషి. కుడి చెయ్యి, కుడి కాలు పడ్డయి. మాట లేదు. దగ్గరి దవాఖానల పొద్దటి సంది స్కాన్ బంద్. అందుకని రెండోదానికి. ఆయన సంచిల, రక్తం పలచన చేసే గోలీలు దొరికినయి. ఇయ్యాల వేసుకున్నడా లేదా తెల్వాలె. కార్డు వెనకున్న నంబరుకు ఫోన్. కట్ చేసిండ్రు. మళ్ళ ఫోన్. కట్ చేసిండ్రు. మళ్ళ ఫోన్. కట్ చేసిండ్రు. నాలుగోసారి పోతలేదు. ఎడమ చెప్పు దొరకలె."

రెండుసార్లు చదివాను. ఆ కార్డు మా ఆయన ఆఫీసు గుర్తింపు కార్డు. దాని వెనక నంబరు నాది. నా రాతే.

"గోలీ సంగతి అంత ముఖ్యమా?" అని నర్సమ్మని అడిగాను.

"ముఖ్యమే బిడ్డా. ఆ గోలీ వేసుకున్నోళ్ళకు ఆ సూది ఇయ్యరు. మెదడుల రక్తం కారుతది. వేసుకున్నడా లేదా చెప్పెటోళ్ళు లేరు. రక్తపరీక్ష వచ్చేదాక ఆగిండ్రు. గంట పట్టింది."

ఆ రోజు మా ఆయన ఆ మాత్ర వేసుకోలేదు. పన్ను పీకించుకోవాలని నాలుగు రోజులుగా ఆపాడు. ఇంట్లో మాత్రల డబ్బాలోంచి తీసి పక్కన పెట్టిందాన్ని నేనే, ఆయన సంచిలో ఉండిపోయిన అట్ట సంగతి మరిచిపోయాను. ఆ సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు, ఒకరికి మాట పడిపోయింది. పది నిమిషాల ఎక్కువ దారిలో గంట ఎలా పోయిందో నేను ఒక్కసారి కూడా వేళ్ళు మడిచి చూసుకోలేదు. ఆఫీసులో ఇంకెవరైనా అలా చేసి ఉంటే పప్పులో కాలేశావని నలుగురిలో నవ్వేదాన్ని.

షామియానా వెనక్కి వెళ్ళి ఫోన్ తీశాను. నేను బ్లాక్ చేసిన నంబర్ల జాబితా చాలా పొడుగు. పార్సిల్‌లో ఏదో దొరికిందని బెదిరించేవాళ్ళు, ప్లాట్లు అమ్మేవాళ్ళు, అప్పులిస్తామనేవాళ్ళు. కిందికి జరుపుతూ జరుపుతూ పోయాను. వాళ్ళ మధ్యలో ఆ నంబరూ ఉంది. తలెత్తి చూస్తే అదే నంబరు అంబులెన్సు తలుపు మీద, బంతిపూల దండ కింద, జానెడేసి ఎర్ర అంకెల్లో ఉంది. ఇన్నాళ్ళూ రోజుకు రెండుసార్లు దాని పక్కనుంచే కారు తీసుకెళ్ళాను. నర్సమ్మకు అనుమానం వస్తే ఫోన్ చేస్తుంది. నాకు అనుమానం వస్తే ఫోన్ కట్ చేస్తాను. అంతే తేడా, దానికి మా ఆయన చెయ్యి పోయింది.

సాయంత్రం కమిటీలో ఉత్తరం చదవలేదు. అంబులెన్సు అక్కడే ఉంటుందని, ఉత్తరం రాయడం నా పొరపాటని చెప్పాను. మీరెలా అంటే అలా మేడమ్ అన్నారు ఆరుగురూ. నేను ఆ ఉత్తరాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుని పైకి వచ్చాను.

మా ఆయన బాల్కనీలో కూర్చుని ఉన్నాడు. కాగితం ఆయన ఒళ్ళో ఉంది, చదివేశాడు. పక్కన కూర్చున్నాను. ఏం అంటాడోనని భయం వేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ముందు భయపడింది అదే మొదటిసారి.

"పోనీలే," అన్నాడు. "నువ్వప్పుడు... మీటింగ్‌లో... ఉన్నావు కదా."

ఆయన అలా ఒక దారి తెరిచి పెట్టాడు. మూడేళ్ళుగా అందరికీ చెప్పిన మాట, ఇంకొక్కసారి చెబితే సరిపోయేది. చెప్పలేకపోయాను.

"లేనండి. కిటికీ దగ్గర టీ తాగుతున్నాను. మెట్రో మెట్ల దగ్గర జనం మూగడం కనపడింది. అంబులెన్సు రావడం కూడా చూశాను."

ఆయన నా వైపు తిరిగాడు.

"ఇవాళ ఎవరి మీద కమిషన్ కొడతారో అని పక్కనున్న అమ్మాయితో అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడే ఫోన్ మోగింది."